సర్పగంధి తిన్న ఏడాది

ఈ సంగతి రాయడానికి ఏడేళ్లు ఆగాను. ఆగింది సిగ్గు వల్ల. ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల మా ఆఫీసు కిటికీ దగ్గర ఒక పంతులుగారు అన్న మాట. ఆయన పైపరీక్షకు చదువుతున్నారు. చదివింది నిలవడం లేదనీ, గుండె దడగా ఉంటోందనీ, ఎవరో వేరుపొడి ఇచ్చారనీ చెప్పి, "వేరే గదా పెంచలయ్యా, మట్టిలో మొలిచేది మనల్నేం చేస్తుంది?" అన్నారు. ఒకప్పుడు నేనూ అచ్చంగా అదే అనుకున్నాను. కిటికీ దగ్గర నిలబెట్టి ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను.

కృష్ణపట్నం వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న తపాలా ఆఫీసులో నేను తంతి గుమాస్తాను. ఊరి పేరు రాయను. తీగ మీద వచ్చే టకటకలను విని అక్షరాలుగా రాసుకోవడం, ఇక్కడివాళ్ల మాటలను మళ్లీ టకటకలుగా పంపడం నా పని. పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు, మధ్యలో ఖాళీ. అంతకన్నా ఏమీ లేదు. అయితే చెవి, చెయ్యి, మనసు మూడూ ఒకచోట ఉండాలి. పదేళ్లపాటు నాకు అవి ఉన్నాయి. తీగ మీద వచ్చేది వింటూనే పక్కవాడితో వానల గురించి మాట్లాడగలనని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

1958 కార్తీకంలో ముసురు పట్టిన రోజు మద్రాసు నుంచి ఒక టెలిగ్రాం వచ్చింది. అది కాసిం సాయిబు గారికి. ఆయన మా ఊళ్లో లుంగీల వ్యాపారి. పెద్ద కూతురు వహీదాను మద్రాసులో ఇచ్చారు. ఆమెకు రెండో కాన్పు. కాన్పు కష్టంగా ఉంది, ఇప్పుడే బయలుదేరండి అని ఆయన అల్లుడు ఇంగ్లీషులో నాలుగు మాటలు పంపాడు. ఆఖరి మాట 'నౌ'. నాకు వినబడింది 'నాట్'. ఆ రెండు మాటలకూ ఇంగ్లీషులో చివరి అక్షరం ఒక్కటే తేడా. తీగ మీద ఆ తేడా ఒక పొట్టి చప్పుడు, ఒక పొడుగు చప్పుడు. గాలికి తీగ వణుకుతూ ఉంది. మధ్యమధ్య చప్పుడు తెగిపోతోంది. రాసుకున్న మాటలు చూస్తే వింతగానే అనిపించింది. అనుమానం వస్తే మళ్లీ పంపమని అడగాలి. అది మాకు మొదటి రోజు నేర్పే పాఠం. ఇంకా నాలుగు టెలిగ్రాములు కాచుకుని ఉన్నాయి. నేను అడగలేదు.

సాయిబు గారు కబురు కోసం పొద్దుటి నుంచీ తిరుగుతున్నారేమో, కాగితం మడత పెట్టేలోపే తడిసిన గొడుగుతో వచ్చి నిలబడ్డారు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"ఏమొచ్చింది పెంచలయ్యా? రమ్మన్నారా?"

"వద్దన్నారు సాయిబు గారూ. కాన్పు కష్టంగా ఉందంట, బయలుదేరొద్దని ఉంది."

"కష్టంగా ఉంటే రావద్దంటారా ఎవరన్నా?"

"ఇందులో అట్టనే ఉంది" అని కాగితం చూపించాను.

ఆయన కాగితం వైపు చూడలేదు. నా మొహం వైపు చూసి, తల ఊపి వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం రెండో టెలిగ్రాం వచ్చింది. దాన్నీ నేనే రాసుకున్నాను. మగబిడ్డ బతికాడు, తల్లి పోయింది. ఎందుకు రాలేదని అందులో అడిగారు. ఆ ప్రశ్న రాస్తున్నప్పుడు నా చేతిలోని పెన్సిలు ములుకు విరిగింది. సాయిబు గారూ, ఆయన భార్య ఫాతిమాబీ గారూ మద్రాసు చేరేసరికి మట్టి చేయడం అయిపోయింది.

విచారణ జరిగింది. అల్లుడు రాసి ఇచ్చిన కాగితాన్నీ నేను రాసుకున్న కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. గాలి, వాన, తీగ అని నేను చెప్పలేదు. నాదే తప్పని రాసి ఇచ్చాను. గట్టిగా హెచ్చరించి వదిలేశారు. సాయిబు గారు ఫిర్యాదు చేయలేదని మా పోస్టుమాస్టరు గారు చెప్పారు. చేసి ఉంటే బాగుండేదనిపించింది.

అసలు జబ్బు 1959 సంక్రాంతి దాటాక మొదలైంది. తీగ మీద మొదటి టక్కు వినబడగానే గుండె గొంతులోకి వచ్చేది. వేళ్ల చివర్లు చల్లబడేవి. 'ఎ' విని 'ఎ' రాసి, అది 'ఎ' అవునో కాదో అని ఆగేసరికి తర్వాతి మూడు అక్షరాలు పోయేవి. ప్రతి టెలిగ్రామునూ రెండుసార్లు, మూడుసార్లు అడిగేవాణ్ణి. అవతలి ఆఫీసులోని గుమాస్తా విసుక్కుని, "నిద్ర పోతున్నావా?" అని తీగ మీదే కొట్టేవాడు. ఇంట్లో తలుపు గడియ వేసి, వేశానో లేదో అని మళ్లీ లేచి చూసేవాణ్ణి. నా భార్య కామాక్షి పలకరిస్తే ఆ మాట నాకు సరిగ్గా వినబడిందా అని తిరిగి అడిగేవాణ్ణి. "ఉప్పు చాలా అంటే దానికి రెండు మాట్లు చెప్పాలా?" అని మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది.

చైత్రంలో పై అధికారి ఒకరు వచ్చి చూసి పోయారు. ఆషాఢంలో మళ్లీ వస్తాననీ, వేగం పరీక్ష పెడతాననీ, అందులో నెగ్గకపోతే తంతి పని నుంచి తీసేస్తాననీ చెప్పారు. మాట కటువుగా లేదు. అయినా ఆ రోజు నుంచి నేను రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

కామాక్షి నన్ను వాళ్ల ఊరు కోటకు తీసుకుపోయింది. మా మామ చెంగయ్య అక్కడ వైద్యం చేస్తారు. సన్నటి మనిషి. ఎవరొచ్చినా ముందు అరగంట మాట్లాడించి గాని నాడి పట్టుకోరు. నన్నూ అట్లాగే మాట్లాడించారు. సాయిబు గారి సంగతి మాత్రం నేను పైపైన చెప్పాను.

పొలం కాలవ గట్టున తడిలో పాకే సరస్వతి ఆకును చూపించి, రోజూ పొద్దున్నే గుప్పెడు ఆకు రెండు మిరియాలతో నమిలి మింగమన్నారు. సాయంత్రం పాలలో పెన్నేరు గడ్డ పొడి. అశ్వగంధ అని పుస్తకాల్లో రాసేది దాన్నే.

"ఎన్నాళ్లకు తగ్గుతుంది మామా?"

"ఇది కొరడా గాదు నాయినా, గుర్రాన్ని పరిగెత్తించడానికి. మేత. మేత పడితే గుర్రం దానంతట అదే నడుస్తుంది. మూడు నెలలు పట్టొచ్చు, ఆరు పట్టొచ్చు."

"ఆషాఢంలో పరీక్ష ఉంది."

"ఆకుకు నీ పరీక్ష సంగతి తెలవదు గదా."

నలభై రోజులు నిష్ఠగా తిన్నాను. కాస్త నిద్ర కుదిరింది. అన్నం రుచిగా అనిపించింది. తీగ దగ్గర మాత్రం గుండె అట్లాగే కొట్టుకునేది. కామాక్షితో మళ్లీ కోటకు పోయాను. నేను అక్కడ ఉన్నప్పుడే ఒక మనిషిని బండిలో కట్టేసి తీసుకొచ్చారు. నలుగురు పట్టుకున్నా ఆగడం లేదు. అరిచి అరిచి గొంతు పోయింది. మామ గూట్లో పై అరలోంచి ఒక రేకు డబ్బా తీసి, గురిగింజ ఎత్తు పొడి పాలలో కలిపి పట్టించారు. రెండు మూడు రోజులు అదే. మూడో రోజు ఆ మనిషి అరుగు మీద కూర్చుని, నెమ్మదిగా, "తాగేదానికి నీళ్లు ఇస్తారా" అని అడిగాడు. అతని కళ్లల్లో ఏ అలజడీ లేదు. ఆ నెమ్మది చూసి నాకు ఈర్ష్య పుట్టింది.

"అదేం వేరు మామా?"

"సర్పగంధి."

"నాకు ఇయ్యకూడదా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "నీకుండేది భయం అబ్బయ్యా, పిచ్చి గాదు. అది మనసును కట్టేసే వేరు. కట్టేదానికి తెలుసు నాకు. ఎక్కువైతే విప్పేదానికి తెలవదు."

ఆ మధ్యాహ్నం ఆయన స్నానానికి పోయినప్పుడు నేను పీట వేసుకుని ఆ డబ్బా దించాను. దోసిలిలో సగం పొడి కాగితంలో పొట్లం కట్టి, డబ్బా మళ్లీ ఉన్నచోట పెట్టాను. కామాక్షి పక్క గదిలో తల్లితో మాట్లాడుతూ ఉంది.

ఆ వేరు పనిచేసింది. ఈ కథలో నన్ను ముంచింది అదే. నాలుగైదు రోజుల్లో గుండె కుదుటపడింది. తీగ మీద టక్కుమంటే అది ఎవరి గుమ్మం దగ్గరో మోగినట్టు ఉండేది. ఆషాఢంలో అధికారి వచ్చారు. పరీక్ష నెగ్గాను. ఆయన వీపు తట్టారు. పోస్టుమాస్టరు గారు అందరికీ కాఫీ తెప్పించారు. అంతా మెచ్చుకుంటూ ఉంటే, మామ చెప్పింది అతిజాగ్రత్త అనుకున్నాను. గురిగింజ ఎత్తు పోయి రెండు గురిగింజలైంది. ఆ పైన కొలవడం మానేశాను. పొట్లం అయిపోయినప్పుడల్లా ఏదో పని చెప్పుకుని కోటకు పోయేవాణ్ణి. అట్లా మరో రెండుసార్లు పోయాను.

మొదట ముక్కు దిబ్బడ వేసింది. జలుబు లేదు, తుమ్ము లేదు, ముక్కు మాత్రం మూసుకుపోయింది. వారం, రెండు వారాలు, నెల. తర్వాత లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మేవి. గోడ పట్టుకుని కాసేపు ఆగి నడిచేవాణ్ణి. ఇవి ఒంటి సంగతులు. మనసు సంగతి చెప్పడం కష్టం. భయం పోయింది కదా అని సంతోషించాను. ఆశ్వయుజానికి భయంతో పాటు మిగతావన్నీ పోయాయి. కామాక్షి వండిన కూర నచ్చడం, నచ్చకపోవడం కూడా లేదు. మా అమ్మ జబ్బుగా ఉందని ఉత్తరం వస్తే చదివి మడిచి పెట్టాను. బాధ కలగలేదని తెలుసు, కలగాలని కూడా తెలుసు. దుఃఖం అంటే ఏడుపు వస్తుంది అనుకునేవాణ్ణి. ఇది ఏడుపు కూడా రాని చోటు.

కామాక్షి ఒకరోజు ఎదురుగా వచ్చి కూర్చుంది. "నా మీద ఏమన్నా కోపమా?"

"లేదు."

"ఆఫీసులో ఏమన్నా అన్నారా?"

"లేదు."

"మరేంది? ఇంట్లో మనిషి ఉన్నట్టే లేదు. నేను గోడతో కాపరం చేస్తా ఉండా."

ఆమె చీర కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. నా ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కార్తీకం వచ్చింది. వహీదా పోయి ఏడాది. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, చెప్పులు వేసుకుని, ఉప్పుటేరు రేవుకు నడిచాను. ఎందుకని నన్ను నేను అడగలేదు. నా ఆలోచన స్పష్టంగా ఉంది, లెక్క తేలినంత శాంతంగా ఉంది. అదే భయంకరమైన సంగతి. పోటు ఎక్కుతోంది. పడవ ఎక్కే రాళ్ల దగ్గర చెప్పులు విడిచి మోకాలి లోతుకు దిగాను. పడవాయన అవతలి గట్టు నుంచి మనుషులను దించి వస్తున్నాడు. నన్ను చూశాడు.

"ఏమయ్యా పోస్టాయనా, అవతలికి పోవాలా?"

నేను నీళ్ల వైపే చూస్తున్నాను.

"అయితే ఒక చెయ్యి ఎయ్యి. పోటుకు పడవ నిలవడంలా. ఈ మోకు పట్టుకో" అంటూ తాడు విసిరాడు. తాడు వచ్చి నా భుజం మీద పడింది. పట్టుకున్నాను. ఎవరైనా ఏదైనా చెప్తే చేయడం ఒక్కటే అప్పటికి నాలో మిగిలి ఉంది. అతను పడవ కట్టే గుంజను మళ్లీ దిగ్గొట్టుకుని, చేపల బుట్టలు దించుకుని, ఎక్కేవాళ్లను ఎక్కించుకునేదాకా నేను ఆ తాడు పట్టుకుని నీళ్లలో నిలబడ్డాను. ఏమనుకున్నాడో, మళ్లీ అవతలికి పోలేదు. బీడీ వెలిగించి, "ఇంటికి పోదాం పా, నేనూ అటే" అన్నాడు. పడవలో కూర్చున్నవాళ్లు గొణిగినా వినలేదు. నా చెప్పులు తనే చేత పట్టుకుని మా వీధి మలుపు దాకా వచ్చాడు. దారిలో చేపల సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. అతనికి తెలిసిందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

కామాక్షి పంచె తడి చూసింది. మర్నాడే తండ్రికి కబురు పెట్టింది.

మామ వచ్చి నాడి పట్టుకున్నారు. ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టుకున్నారు.

"ముక్కు ఎన్నాళ్ల నించి మూసుకుపోయింది?"

"రెండు నెలలు."

"లేస్తే తల తిరగతా ఉందా?"

"ఊఁ."

"నేనిచ్చింది గాక ఇంకేమన్నా తింటా ఉండావా నాయినా?"

"లేదు మామా."

ఆయన చెయ్యి వదిలేసి, అన్నం కూడా తినకుండా బస్సుకు పోయారు. రెండు రోజుల తర్వాత తిరిగి వచ్చారు. చేతిలో ఆ రేకు డబ్బా ఉంది. మా వంటింటి గడప దగ్గర పెట్టి మూత తీశారు. అడుగున వేలెడు పొడి.

"మేయ్ కామాక్షీ, ఇది నాలుగేళ్లకు సరిపోవాల. ఏడాదిలో నలుగురికి ఇచ్చినా. మిగతాది మీ ఆయన కడుపులో ఉంది" అన్నారు.

కామాక్షి నావైపు చూసింది. నేను గోడలో ఉన్న సందులోంచి పొట్లం తీసి డబ్బా పక్కన పెట్టాను. ఆమె ఒక్క మాట అంది. "మా నాయన ఇంట్లో దొంగతనం చేసి, ఆయన మొహం మీదే అబద్ధం చెప్పినారు." అంతే. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా పక్క నుంచి కదలనూ లేదు.

మామ నన్ను తన ఇంటికి తీసుకుపోతారనుకున్నాను. ఆయన నన్నూ కామాక్షినీ నెల్లూరు బస్సు ఎక్కించారు. "నాకు విప్పేది తెలవదని ఆ రోజే చెప్పినా గదా. తెలిసినాయన దగ్గరికి పోదాం."

నెల్లూరులో ఆ డాక్టరు గది ముందు పొడుగాటి బల్ల. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం అయినా పిలుపు రాలేదు. కాంపౌండరు తలుపు తీసినప్పుడల్లా బల్ల మీద అందరి తలలూ ఒక్కసారి లేచేవి. నాకు ఒక్కటే ఆలోచన. లోపలికి పోతే పిచ్చాసుపత్రికి రాసిస్తారు, ఉద్యోగం పోతుంది, కామాక్షి పుట్టింటికి పోతుంది. వేరు మత్తు కింద అణిగిపోయిందనుకున్న భయం అక్కడ మళ్లీ తల ఎత్తింది. లేచి పోబోయాను. కళ్లు తిరిగి పడబోతే పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె చెవి నొప్పితో వచ్చింది, తలకు గుడ్డ కట్టుకుని ఉంది. "ఆకలికి తిరిగి ఉంటుంది" అని తన మూటలోంచి అరటిపండు తీసి, తొక్క ఒలిచి మరీ చేతిలో పెట్టింది. తన వంతు వచ్చినప్పుడు కాంపౌండరుతో, "ముందు ఈయన్ని చూడమనయ్యా, నా చెవి యాడికీ పోదు" అంది.

డాక్టరు నాకన్నా చిన్నవాడు. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూశాడు, పడుకోబెట్టి చూశాడు, నిలబెట్టి చూశాడు. మామ తనంతట తనే చెప్పారు.

"సర్పగంధి అయ్యా. నా ఇంట్లో డబ్బా. నేను తాళం ఎయ్యలేదు. తప్పు నాది."

"మామ తప్పు కాదు" అన్నాను. ఎన్నో వారాల తర్వాత ఎవరూ అడగకుండా నేనన్న మొదటి మాట అదే.

డాక్టరు సొరుగు లాగి ఒక చిన్న సీసా బల్ల మీద పెట్టాడు. లోపల తెల్లటి మాత్రలు. "మీ వేరులోంచి తీసిన సారమే ఇది, పెద్దాయనా. రక్తపోటు ఎక్కువున్నవాళ్లకు మేమూ ఇస్తున్నాం. తిన్నవాళ్లలో కొందరు ఇట్లాగే కుంగిపోతున్నారు. నేనిచ్చినవాళ్లలోనూ ఒకరున్నారు." మామ ఆ సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు. ఇద్దరూ ఎంతెంత ఇస్తారో, ఎన్నాళ్లు ఇస్తారో కాసేపు మాట్లాడుకున్నారు. నాకు వాళ్లిద్దరూ ఒకే బడిలో చదివినవాళ్లలా కనబడ్డారు.

తర్వాత డాక్టరు నావైపు తిరిగాడు. "బతకాలని ఉందా?"

కామాక్షి గది గుమ్మంలో నిలబడి ఉంది. అబద్ధం చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే రేవు సంగతి వచ్చింది. చెప్పులు, మోకాలి లోతు నీళ్లు, తాడు, అంతా. ఆమె తలుపు రెక్కను రెండు చేతులతో పట్టుకుంది.

"పొడి ఇవాళ్టితో ఆపేయండి" అన్నాడు డాక్టరు. "ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది, మనసు తేలడానికి ఇంకా ఎక్కువ. అంతవరకూ ఒంటరిగా వదలొద్దు. నీళ్ల దగ్గరికి పంపొద్దు. ఇప్పుడు ఈయనకు అనిపించేదంతా ఈయనది కాదు, చాలావరకు ఆ వేరుది. ఆ సంగతి రోజూ చెప్పండి."

నన్ను ఆ పూట నిలబెట్టింది ఆ మాటే. నేనే పాడైపోయాను అనుకున్నాను. నాలోకి వచ్చింది తిరిగి పోగలదని ఎవరూ అప్పటిదాకా చెప్పలేదు.

సెలవు పెట్టి కోటలో మూడు నెలలు ఉన్నాను. మామ నాకు ఏ మందూ ఇవ్వలేదు. సరస్వతి ఆకు కూడా ఆపేశారు. "కడుపు, మనసు రెండూ ఖాళీగా ఉండనీ" అన్నారు. పగలు మామ, రాత్రి కామాక్షి. నేను పెరట్లోకి పోయినా ఎవరో ఒకరు కనబడేంత దూరంలో ఉండేవాళ్లు. కొన్ని రోజులు అది జైలులాగా ఉండి తిట్టాను. అత్తగారి మీద కంచం విసిరాను ఒకసారి. ఆమె తీసి కడిగి మళ్లీ వడ్డించింది. రోజూ సాయంత్రం కామాక్షి, డాక్టరు చెప్పిన మాట చెప్పేది. "ఇది మీరు గాదు, వేరు." కొన్నిసార్లు కోపంగా చెప్పేది, పళ్లు బిగించి, పాఠం అప్పజెప్పినట్టు. అయినా ఏ రోజూ మానలేదు.

ఊళ్లో మాట పుట్టింది. చెంగయ్య మందు తిని అల్లుడికే పిచ్చెక్కిందంట అని. అరుగు మీద జనం పలచబడ్డారు. నేను దొంగిలించానని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనే ఒకరోజు అరుగు మీద ఉన్న ముగ్గురికి చెప్పాను. వాళ్లు ఇబ్బందిగా నేల చూశారు. మామ నూరుతున్న కల్వం ఆపి, "ఈ మాట చెప్పినావంటే సగం తగ్గినట్టే" అన్నారు. వచ్చే జనం మాత్రం వెంటనే పెరగలేదు. దానికి రెండేళ్లు పట్టింది.

మాఘంలో ఒకరోజు అత్తగారు ఎండుచేపలు కాలుస్తుంటే ఆ వాసన నాకు తగిలింది. ముక్కు ఎప్పుడు విడిచిందో తెలియదు. ఆకలి వేసింది. అన్నం పెట్టమని అడిగాను. కామాక్షి గిన్నె దించి నావైపు చూసి విస్తరి వేసింది. నేను తింటుంటే ఆమె మొహం తిప్పుకుని గోడ వైపు కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. నాకూ ఏడుపు వచ్చింది. వచ్చినందుకు సంతోషం వేసింది.

మనసు తేలేసరికి భయం మళ్లీ వచ్చింది. గుండె దడ, చల్లటి వేళ్లు, అన్నీ. మామతో చెప్పాను. "వేరు పోయింది. ఇప్పుడుండేది నీదే" అన్నారు. "దేన్ని చూసి భయమో నువ్వు నాకు ఇంతవరకూ సరిగా చెప్పలా." ఆ రోజు కాసిం సాయిబు గారి సంగతి మొత్తం చెప్పాను. 'ఇందులో అట్టనే ఉంది' అన్న నా మాటతో సహా. ఆయన విని, "దీనికి నా దగ్గర ఆకు లేదు. ఆయన దగ్గరికి పో" అన్నారు.

1960 ఉగాది తర్వాత పోయాను. కామాక్షి వాళ్ల వాకిలి దాకా వచ్చి ఆగింది. సాయిబు గారు లుంగీలు మడత పెడుతున్నారు. నన్ను చూసి చేతులు ఆపారు. నేను కూర్చోలేదు.

"మళ్లీ పంపమని అడగాల్సింది సాయిబు గారూ. నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పాలని వచ్చినా."

ఆయన చేతిలోని లుంగీ మడత పూర్తి చేసి దొంతర మీద పెట్టారు. "ఆ రోజు బస్సెక్కి ఉంటే బిడ్డను కళ్లతో చూసేవాణ్ణి" అన్నారు. "బతికేదో లేదో దేవుడికి తెలుసు. చూసేవాణ్ణి మాత్రం. నీ కోసం దాన్ని అబద్ధం చెయ్యలేను పెంచలయ్యా."

"చెయ్యొద్దు."

"నువ్వు జబ్బు పడినావని విన్నా. అది నేను కోరుకోలా." లుంగీల దొంతర పక్కకు జరిపి చోటు చేశారు. "కూచో. టీ తాగి పో."

టీ ఆయనే తెచ్చారు. ఫాతిమాబీ గారు లోపలి నుంచి రాలేదు. గుడ్డ తెర వెనక ఆమె నిలబడి ఉన్న సంగతి నాకు తెలుసు. ఆమె రాకపోవడం కూడా న్యాయమే అనిపించింది. గుండె దడ ఆ రోజుతో మాయం కాలేదు. కానీ ఇంటికి నడుస్తున్నప్పుడు, అది ఎందుకు కొట్టుకుంటోందో ఎవరైనా అడిగితే చెప్పగలను అనిపించింది.

ఆ వేసవిలో పనికి తిరిగి వచ్చాను. పోస్టుమాస్టరు గారు రెండు నెలలు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నేను రాసుకున్నది తనూ వింటూ సరిచూశారు. అనుమానం వస్తే ఇప్పటికీ మళ్లీ అడుగుతాను. అవతలివాడు నిద్రపోతున్నావా అంటే, అవును అని కొట్టి, మళ్లీ అడుగుతాను. మామ సలహా మీద సరస్వతి ఆకు కొన్నాళ్లు తిన్నాను, మానాను, మళ్లీ తిన్నాను. మేలు చేసిందనే అనుకుంటాను. ఎంత అని అడిగితే చెప్పలేను. నేను మొక్కలకు వ్యతిరేకిని కాను. మామ మందుతో బాగుపడ్డవాళ్లను కళ్లారా చూశాను. సర్పగంధి డబ్బాకు ఇప్పుడు తాళం ఉంది. ఎవరొచ్చినా ఆయన ముందుగా అడిగేది, ఇంకేమి తింటున్నావని. ఆ పంతులుగారికి నేను చెప్పదలచింది కూడా అంతే. తినేది ఏమిటో, ఎందుకో, ఇంట్లో ఒక మనిషికి, ఒక వైద్యుడికి తెలిసి ఉండాలి. దాచి తినేది మందు కాదు.

పోయిన వారం, ఏ కారణమూ లేకుండా, పొద్దున్నే గుండె పరుగెత్తడం మొదలుపెట్టింది. వరండాలో కాసేపు కూర్చున్నాను. తగ్గలేదు. లేచి వంటింట్లోకి పోయాను. కామాక్షి చింతపండు పిసుకుతూ ఉంది.

"గుండె దడగా ఉంది" అన్నాను.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "ఎంతసేపటి నించి?"

"ఒక గంట."

"గంట నించి యాడికి పోయినారు మీరు, నాకు చెప్పకుండా?" అంది.